తోడేలు ఎవరి టర్న్‌లో కదలాలి? డీ అండ్ డీలో పెంపుడు జంతువుల రూల్స్ వెనక కథ

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ), అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా డైస్ వేసి ఆడే కథల ఆట, ఆడే ఏ గ్రూపులో అయినా ఎవరో ఒకరు తోడేలునో ఎలుగుబంటినో వెంటేసుకుని దిగారంటే వాదన మొదలైనట్టే, దాన్ని ఆడించేది ప్లేయరా, ఆట నడిపే డీఎమ్మా (డంజియన్ మాస్టర్), చెప్పగానే వింటుందా, వింటే ఎవరి టర్న్ ఖర్చవుతుంది అని. ఒక్కో ఎడిషన్ దీనికి ఒక్కో జవాబు చెప్పింది, ఆ మార్పులన్నిటిలో ట్రైనింగ్ అనేది మెల్లగా మాయమైపోయింది, నా బాధంతా అదే.

1978లో గ్యారీ గైగాక్స్ రాసిన అడ్వాన్స్‌డ్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఇదంతా డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాలు తెలిసిన పాత్ర) వేసే ఒక స్పెల్. జంతువు మచ్చికయ్యాక దాని ఇంటెలిజెన్స్ పాయింట్ ఒక్కోదానికి మూడు ట్రిక్కులు చొప్పున నేర్పొచ్చు, ఒక్కో ట్రిక్‌కి సుమారు వారం, మొత్తం మూడు నెలల్లో అయిపోవాలి.

2000లో విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ తెచ్చిన మూడో ఎడిషన్ హ్యాండిల్ యానిమల్ అని విడిగా ఒక స్కిల్ పెట్టింది, 2003లో దాన్ని సవరించిన 3.5లో కంపానియన్ (వెంట తిరిగే జంతువు) ఏకంగా డ్రూయిడ్‌కి మొదటి లెవెల్ నుంచే క్లాస్‌తో (పాత్ర రకంతో) పాటు వచ్చేసింది, అడవుల్లో తిరిగే వేటగాడి క్లాసైన రేంజర్‌కైతే నాలుగో లెవెల్‌లో. నా లెక్కలో జంతువు నిజంగా జంతువులా ఉన్నది ఇక్కడే. దాడి, కాపలా, వాసన పట్టడం, తెచ్చివ్వడం ఇలా ట్రిక్కుల లిస్టు ఉండేది, ఇంటెలిజెన్స్ 1 ఉంటే మూడు, 2 ఉంటే ఆరు నేర్చుకునేది. నేర్చిన పని చేయించడానికి డీసీ (డైస్, స్కిల్ కలిపి చేరాల్సిన అంకె) 10, రానిది చేయించాలంటే 25, గాయపడి ఉంటే ఇంకో 2 ఎక్కువ. దాడి ట్రిక్ నేర్చినా శవాలు లేచొస్తే మీద పడదు, అలాంటివాటి మీదకి కూడా ఉసిగొల్పాలంటే ఆ ట్రిక్ రెండింటి కింద లెక్క. భయపడే హక్కు జంతువుకి ఇచ్చారన్నమాట, అది నాకు చాలా ఇష్టం.

కానీ చిక్కు కూడా అక్కడే వచ్చింది. డ్రూయిడ్ తన కంపానియన్‌కి ఫ్రీ యాక్షన్‌తోనే (టర్న్ ఖర్చుకాని పనితోనే) ఆర్డర్ వేయొచ్చు, అంటే తన టర్న్ తనకుండగానే జంతువు టర్న్ అదనం, మొదటి లెవెల్స్‌లో ఆ తోడేలు పక్కన ఆయుధంతో పోరాడే ఫైటర్ వెలవెలబోయేవాడు, పైగా డైస్ వేసే టైమూ పెరిగేది.

దాంతో 2014లో ఐదో ఎడిషన్ పూర్తిగా అటు చివరికి వెళ్లిపోయింది. బీస్ట్ మాస్టర్ రేంజర్ (జంతువుతో కలిసి పోరాడే రకం) తన యాక్షన్ వదులుకుంటేనే జంతువు దాడి చేసేది, చెప్పకపోతే ఊరికే నిలబడేది. ప్రాణం మీదకొచ్చినా కదలని తోడేలేంటి అని జనం గట్టిగానే అడిగారు, న్యాయమైన మాటే. 2018 ఎర్రాటాలో (రూల్స్ సవరణలో) కనీసం తప్పించుకునేలా మార్చారు, 2020లో బోనస్ యాక్షన్‌కి (టర్న్‌లో అసలు యాక్షన్‌తో పాటు దొరికే చిన్న పనికి) దించారు, 2024 హ్యాండ్‌బుక్‌లోనూ అదే పద్ధతి. డీ అండ్ డీ లాంటిదే ఇంకో ఆట, పాత్‌ఫైండర్, 2019లో వచ్చిన దాని రెండో ఎడిషన్ మధ్యేమార్గం పట్టింది, మీ మూడు యాక్షన్లలో ఒకటి ఇస్తే జంతువుకి రెండు వస్తాయి.

టర్న్ గొడవ చాలావరకు తీరింది నిజమే. కానీ ఇప్పుడు బీస్ట్ మాస్టర్ జంతువంటే నేల, నీరు, ఆకాశం అని మూడు రెడీమేడ్ స్టాట్ బ్లాకులు (బలాబలాల పట్టికలు), చచ్చిపోతే గంటలోపు ఒక స్పెల్ స్లాట్ (మంత్రం వేసే ఒక అవకాశం) ఖర్చుపెడితే లేచొస్తుంది, ఇక నేర్పాల్సిన పనేముంది, పోతే బెంగ ఏముంది? 3.5 ట్రిక్కుల లిస్టు మాత్రం ఓపెన్ లైసెన్స్ కింద ఇప్పటికీ ఫ్రీగా దొరుకుతుంది, కొత్త రూల్స్‌తో ఆడేవాళ్లు కూడా అడ్వెంచర్ల మధ్య ఖాళీ వారాల్లో ఒక్కో ట్రిక్ నేర్పుకుంటామని డీఎంని అడిగి చూడండి, దానివల్ల బ్యాలెన్స్ ఏమీ చెడిపోదు.