‘నేనిక్కడ ఉన్నాను’ అని చెప్పే రేడియో

అభిరుచి కొద్దీ లైసెన్సుతో రేడియో ప్రసారాలు చేసే హ్యామ్ రేడియో ఔత్సాహికుల కారులోని సెట్ నుంచి నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చిన్న గరగర శబ్దం ప్రసారమవుతుంది. సెకను కూడా నిలవని ఆ రొదలో ఆ స్టేషన్ కాల్‌సైన్ (గుర్తింపు పేరు), అక్షాంశ రేఖాంశాలు, కారు వేగం, వెళ్తున్న దిక్కు అన్నీ ఇమిడి ఉంటాయి. 1200, 2200 హెర్ట్జ్‌ల రెండు స్వరాల మధ్య మారుతూ, సెకనుకు 1200 బిట్ల చొప్పున సమాచారాన్ని పంపే ఈ పద్ధతిని ఏపీఆర్ఎస్ (ఆటోమేటిక్ ప్యాకెట్ రిపోర్టింగ్ సిస్టమ్) అంటారు.

అమెరికాలో అనాపొలిస్‌లోని నావికా అకాడమీలో పనిచేసిన బాబ్ బ్రునింగా దీని రూపకర్త. నౌకాదళ స్థాన నివేదికలను పటం మీద చూపేందుకు 1982లో ఆయన యాపిల్-2 కంప్యూటర్‌పై రాసిన ప్రోగ్రాం దీనికి మూలం. 1984లో వంద మైళ్ల గుర్రపు స్వారీ పోటీలో ఆ ఆలోచననే వాడి చూశారు. 1990ల తొలినాళ్లలో జీపీఎస్ రిసీవర్లు తోడయ్యాక స్థానం తనంతట తానే నమోదై ప్రసారమవడం మొదలైంది.

సమాచారాన్ని ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా పంపే అంతకుముందరి ప్యాకెట్ రేడియోలో రెండు స్టేషన్లు ముందుగా అనుసంధానమై, అందిన ప్రతి ముక్కకూ రసీదు ఇచ్చుకునేవి. బ్రునింగా ఆ రసీదును వదిలేశారు. స్థాన ప్యాకెట్ ఎవరినీ ఉద్దేశించి వెళ్లదు, దారిలో పోతే ఎవరూ మళ్లీ అడగరు. పది నిమిషాల కిందట బండి ఎక్కడుందో తెలిసినా ప్రయోజనం తక్కువ, పైగా తాజా ప్యాకెట్ ఎలాగూ వస్తుంది. ఈ పద్ధతిలోని అసలైన తెలివి ఇదేనని నేను భావిస్తాను.

చార్మినార్ దగ్గర నిలబడి పంపితే ప్యాకెట్‌లో దాదాపు 17 డిగ్రీల 21.70 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 28.48 నిమిషాల తూర్పు రేఖాంశం కనిపిస్తాయి. నిమిషంలో నూరో వంతు అంటే నేల మీద సుమారు 18 మీటర్లు. ఆ పక్కనే ఉండే ఒక గుర్తును బట్టి పటం మీద కారు బొమ్మ గీయాలో, ఇంటి బొమ్మ గీయాలో కంప్యూటర్ తెలుసుకుంటుంది. ఇల్లు ఎక్కడుందో కచ్చితంగా తెలియనివ్వడం ఇష్టం లేనివారు చివరి అంకెలను ఖాళీగా వదిలే వెసులుబాటు కూడా ఉంది. హ్యామ్ ప్రసారాలను రహస్య సంకేతాల్లో దాచకూడదు కనుక ఈ వెసులుబాటు అవసరమైనదే.

అందరూ ఒకే ఫ్రీక్వెన్సీని పంచుకోవడంతోనే చిక్కు వస్తుంది. ఉత్తర అమెరికాలో అది 144.390 మెగాహెర్ట్జ్, ఐరోపాలో 144.800. ఒక్కో ప్యాకెట్‌కు సెకను పట్టిందనుకుంటే నిమిషానికి అరవైకి మించి పట్టవు, ఒకదానిపై ఒకటి పడి చెడిపోయేవి పోగా మిగిలేవి ఇంకా తక్కువ. కొండల మీద, ఎత్తైన భవనాల మీద ఉండే డిజిపీటర్లు విన్న ప్యాకెట్‌ను తిరిగి ప్రసారం చేస్తాయి కాబట్టి ప్రతి పునఃప్రసారమూ మరికొంత సమయాన్ని తింటుంది. అందుకే ఎన్ని అంచెలు దాటవచ్చో ప్యాకెట్‌లోనే రాసి పంపుతారు. ఒక్కో డిజిపీటర్ ఆ అంకెను ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయ్యాక ఎవరూ దాన్ని ముందుకు పంపరు. బండిలో ఉండి స్థానాన్ని పంపే ట్రాకర్లలో మెరుగైనవి తిన్నటి రోడ్డు మీద మౌనంగా ఉండి, మలుపు తిరగగానే ఒక ప్యాకెట్ పంపుతాయి. తక్కువ ప్యాకెట్లతోనే వెళ్లిన దారి పటం మీద స్పష్టంగా కనిపిస్తుంది. విన్నదాన్ని ఇంటర్నెట్‌కు చేరవేసే ఐగేట్ల వల్ల ఆ దారిని మరో ఖండంలోని వారు కూడా చూడగలుగుతారు.

డిజిపీటర్ ఎంత ఎత్తున ఉంటే అంత దూరం వినిపిస్తుంది. 2019 ఏప్రిల్ 1న శ్రీహరికోట నుంచి ఎగిసిన పీఎస్‌ఎల్‌వీ-సీ45 నాలుగో దశను ఇస్రో పని ముగిశాక వృథాగా వదలకుండా సుమారు 485 కిలోమీటర్ల కక్ష్యలో ప్రయోగ వేదికగా ఉంచింది. అందులోని పరికరాల్లో, ఉపగ్రహాలపై పనిచేసే హ్యామ్‌ల సంఘం ఆమ్‌శాట్ ఇండియా వారి ఏపీఆర్ఎస్ పరికరం ఒకటి. అంత ఎత్తు నుంచి దిగంతం అన్ని వైపులా రెండు వేల కిలోమీటర్లకు పైగా విస్తరిస్తుంది. వేదిక నడినెత్తి మీదుగా సాగిపోయే పది పదకొండు నిమిషాల్లో, కింద ఒక చిన్న సెట్ పంపిన ప్యాకెట్ అక్కడి నుంచి తిరిగి ప్రసారమై, నేల మీది ఏ డిజిపీటర్‌కూ అందనంత దూరంలో ఉన్న మరో స్టేషన్‌కు చేరగలిగేది.