మానిటర్‌కి ఫిల్టర్ కొనేముందు

తెర మీద పడే మెరుపుని తగ్గించే యాంటీ గ్లేర్ ఫిల్టర్ కొనాలనుకుంటే, ముందు మానిటర్ ఆఫ్ చేసి, రోజూ కూర్చునే చోటే కూర్చుని ఆ నల్లటి తెరలోకి చూడండి. వెనకున్న ట్యూబ్‌లైట్ అంచులతో సహా గీతలా కనిపిస్తే మీది గ్లాసీ, అంటే నున్నగా మెరిసే తెర. తెల్లటి మరకలా పలచగా పరుచుకుంటే అది ఇప్పటికే మ్యాట్, అంటే గరుకు తెర. ఆఫీసు మానిటర్లు చాలావరకు ఈ రెండో రకమే. వాటిమీద మళ్లీ మ్యాట్ ఫిల్మ్ అంటించడం డబ్బు దండగ.

మ్యాట్ ఫిల్మ్ గరుకుదనం వెలుగుని తగ్గించదు, చెదరగొడుతుంది, అంతే. ట్యూబ్‌లైట్ లాంటి చిన్న మెరుపుకి అది చాలు. వీపు వెనక పెద్ద కిటికీ ఉంటే మాత్రం తెరంతా పాలిపోయి నలుపు బూడిద రంగుకి తిరుగుతుంది. పిక్సెళ్లు బాగా చిన్నవైన 4కే తెరల మీదైతే తెల్లటి పేజీలో సన్నటి ఇసుక చల్లినట్టు మిలమిలలు కూడా కనిపిస్తాయి. అలాంటి చోట బల్లని తిప్పి కిటికీ పక్కకి వచ్చేలా వేసుకోవడమే నయం.

తెర ముందు తగిలించే గాజు పలకల సంగతి వేరు. వెలుగు ఎదురుగా పడితే గాజు ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతం వెనక్కి వస్తుంది. పలకకి ముందొకటి, వెనకొకటి, రెండు ముఖాలు. పూత లేని పలక తగిలిస్తే మెరుపు తగ్గడం అటుంచి, దాదాపు 8 శాతం కొత్తగా వచ్చి చేరుతుంది! డబ్బాల్లాంటి పాత సీఆర్‌టీ మానిటర్లకి బూడిదరంగు పలకలు వాడినందుకు కారణం లేకపోలేదు. తెర వెలుగు పలకని ఒక్కసారే దాటుతుంది. గది వెలుగు తెరదాకా వెళ్లి రావాలి కాబట్టి రెండుసార్లు దాటాలి. సగం వెలుగుని మింగే పలకైతే అక్షరాల వెలుగు సగమవుతుంది, తెర మీది ప్రతిబింబం పావువంతుకి పడిపోతుంది. పలక సొంత మెరుపు మాత్రం అలాగే ఉంటుంది.

దానికి మందు పూతే. జర్మనీలో లెన్సులు చేసే జైస్ సంస్థలో పనిచేసిన అలెగ్జాండర్ స్మకులా 1935లో కనిపెట్టిన పద్ధతి ఇది. గాజు మీద మెగ్నీషియం ఫ్లోరైడ్‌ని సుమారు 100 నానోమీటర్ల మందాన పూస్తే, పూత పైనుంచీ అడుగునుంచీ తిరిగొచ్చే కాంతి తరంగాలు చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. 4 శాతం ఒకటిన్నర లోపుకి దిగుతుంది. ఆ వెలుగు ఎక్కడికీ పోదు, గాజు గుండా అవతలికి వెళ్తుంది. అందుకే బొమ్మ పదును చెడదు. ఫొటోలు, వీడియోలతో పనిచేసేవాళ్లకి నేను చెప్పేది ఈ పూత ఉన్న పలకే. ధర ఎక్కువే, వేలిముద్రలూ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అయినా కొనదగ్గది.

ఈ పూతనే యాంటీ రిఫ్లెక్టివ్ అంటారు, ప్యాకెట్ మీద ఆ మాట ఉందో లేదో చూసుకోండి. బ్లూ లైట్ ఫిల్టర్, ప్రైవసీ ఫిల్టర్ వేరే పనులకి. 24 అంగుళాలన్నది మూల నుంచి మూలకి కొలత. 16:9 తెరైతే సుమారు 53 సెంటీమీటర్ల వెడల్పు, 30 ఎత్తు. 16:10 అయితే 52, 32. టేపు పెట్టి కొలిచాకే ఆర్డర్ ఇవ్వండి.