పరిశోధన మనది, బిల్లూ మనదే: సామాజిక శాస్త్ర ప్రచురణకు విశ్వవిద్యాలయాల చేయూత వెనుక కథ

సమాజశాస్త్రంలో ఒక పరిశోధన పత్రం పేరున్న అంతర్జాతీయ జర్నల్‌లో ఆమోదం పొందగానే రచయితకు ఒక ఆన్‌లైన్ ఫారం వస్తుంది. పత్రాన్ని చందాదారులకే పరిమితం చేయాలా, లేక ఎవరైనా ఉచితంగా చదివేలా పెట్టాలా అని అందులో అడుగుతారు. మొదటిదానికి రచయిత ఏమీ కట్టనక్కర్లేదు. రెండోదానికి చాలా జర్నళ్లు రెండు మూడు వేల డాలర్లు అడుగుతాయి. నెలల తరబడి సమీక్షకుల ప్రశ్నలకు జవాబులు రాసి, పత్రాన్ని తిరగరాసి అలసిపోయిన రచయిత అక్కడ ఆగి తన విశ్వవిద్యాలయం వైపు చూస్తారు. విశ్వవిద్యాలయానికి ప్రచురణ నిధి ఉంటే రుసుము అదే చెల్లిస్తుంది. ఆ ప్రచురణ సంస్థతో ముందే ఒప్పందం కుదిరి ఉంటే రచయిత ఆలోచించాల్సిన పనే లేదు. ఆ రెండూ లేకపోతే, ఏ ప్రజల గురించి రాశారో వాళ్లకే అందని చోట పత్రం ఉండిపోతుంది.

పరిశోధన చేసినవారికి జీతం ఇచ్చేది విశ్వవిద్యాలయం. పైసా తీసుకోకుండా దాన్ని సమీక్షించే ఇతర ఆచార్యులకు జీతం ఇచ్చేదీ విశ్వవిద్యాలయాలే. జర్నల్ చందా కట్టేది వాటి గ్రంథాలయాలు. ఇప్పుడు రుసుము కూడా వాటిదే. ఇదంతా ఒక్క రోజులో వచ్చిపడలేదు.

ప్రచురణ తమ బాధ్యతేనని ఆధునిక పరిశోధన విశ్వవిద్యాలయాలు మొదట్లో గట్టిగా నమ్మాయి. అమెరికాలో 1876లో మొదలైన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం రెండేళ్లకే సొంత ప్రచురణ విభాగం తెరిచింది. తరగతి గదికి రాగలిగినవారికే కాక దూరాన ఉన్నవారికి కూడా జ్ఞానాన్ని చేరవేయడం విశ్వవిద్యాలయ ధర్మమని దాని తొలి అధ్యక్షుడు డేనియల్ కాయిట్ గిల్మన్ చెప్పేవాడు. సామాజిక శాస్త్రాల తొలి జర్నళ్లు చాలావరకు ఆ నమ్మకంలోంచే పుట్టాయి. హార్వర్డ్ నుంచి అర్థశాస్త్రానికి, కొలంబియా నుంచి రాజనీతి శాస్త్రానికి 1886లోనే త్రైమాసిక పత్రికలు వచ్చాయి. షికాగో విశ్వవిద్యాలయం 1892లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీని, 1895లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సోషియాలజీని ప్రారంభించింది.

ఈ చివరి పత్రిక పుట్టుక గురించి కొంచెం చెప్పుకోవాలి. విశ్వవిద్యాలయం నడుపుతున్న మరో పత్రిక మూతపడబోతోంది, దానికి కేటాయించిన సొమ్ము మిగిలిపోతోంది. ఆ డబ్బుతో సమాజశాస్త్ర పత్రిక నడుపుతారా అని అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్ శాఖాధిపతి ఆల్బియన్ స్మాల్‌ను అడిగాడు. అప్పటికి సమాజశాస్త్రానికి తనదంటూ చెప్పుకోదగ్గ హద్దులు కూడా సరిగా ఏర్పడలేదు. రాయగలిగినవారు తగినంత మంది ఉన్నారో లేదో తెలియని స్థితిలో ఒక విశ్వవిద్యాలయం ముందుగా పత్రికను నిలబెట్టింది, దాని చుట్టూ శాస్త్రం పెరిగింది. నా దృష్టిలో ప్రచురణకు నిజమైన చేయూత అంటే అదే. ఫలానా రచయితకు ఫలానా మొత్తం అని కాకుండా, అందరూ వచ్చి రాసుకోగల వేదికను ఒక సంస్థ తన ఖర్చుతో నిలబెట్టడం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లెక్క మారింది. విశ్వవిద్యాలయాలు పెరిగాయి, ప్రభుత్వాల పరిశోధన నిధులు పెరిగాయి, గ్రంథాలయాల బడ్జెట్లూ పెరిగాయి. ఆచార్యుల సంఘాలకు అచ్చు, పంపిణీ, చందాల వసూలు భారమయ్యాయి. ఆ భారాన్ని వాణిజ్య సంస్థలు సంతోషంగా నెత్తికెత్తుకున్నాయి. వ్యాపారి రాబర్ట్ మాక్స్‌వెల్ 1951లో చేజిక్కించుకున్న పెర్గమాన్ ప్రెస్ విజ్ఞాన శాస్త్రాల్లో దారి చూపింది. 1965లో న్యూయార్క్‌లో మొదలైన సేజ్ సామాజిక శాస్త్రాలనే తన ప్రధాన రంగంగా ఎంచుకుంది. ఈ వ్యాపారానికి ఒక ప్రత్యేకత ఉంది. ఒక జర్నల్ ధర పెరిగిందని దాని బదులు మరొకటి కొనుక్కోవడం కుదరదు, ఎందుకంటే అందులోని పత్రం ఇంకెక్కడా దొరకదు. పైగా జర్నల్ కావాలని పట్టుబట్టేది ఆచార్యుడు, డబ్బు కట్టేది గ్రంథాలయం. ధర తెలియని మనిషి అడుగుతూ పోతే ధర పెంచేవాడికి అడ్డేముంటుంది?

దెబ్బ ఎక్కువగా తగిలింది సామాజిక శాస్త్రాలకే. విజ్ఞాన శాస్త్రాల జర్నళ్ల చందాలు ఏటేటా పెరుగుతుంటే గ్రంథాలయాలు పుస్తకాల కొనుగోలులో కోత పెట్టాయి. చరిత్రకారులు, మానవశాస్త్రవేత్తలు తమ అసలు పనిని పుస్తకాల్లోనే చెబుతారు. విశ్వవిద్యాలయ ముద్రణాలయాలు బతికేది గ్రంథాలయాలు కొనే ఆ కొద్ది వందల ప్రతుల మీద. అవి తగ్గేసరికి ముద్రణాలయాల మీద సొంత ఆదాయంతో నడవాలన్న ఒత్తిడి పెరిగింది. 1973 నుంచి 2013 వరకు వెలువడిన పత్రాలను పరిశీలించి 2015లో ప్లాస్ వన్ జర్నల్ ఒక అధ్యయనం ప్రచురించింది. దాని ప్రకారం 2013 నాటికి సామాజిక శాస్త్ర పత్రాల్లో దాదాపు 70 శాతం ఐదు పెద్ద ప్రచురణ సంస్థల చేతుల్లో ఉన్నాయి. ఇంత కేంద్రీకరణ మరే విభాగంలోనూ లేదు. షికాగోలో మిగులు సొమ్ముతో పత్రిక పెట్టిన శాస్త్రం చివరికి ఇక్కడికి చేరింది.

అదే కాలంలో మరో మార్పు మెల్లగా జరిగింది. ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్ఫీల్డ్ నడిపిన సంస్థ, ఏ పత్రాన్ని ఎవరు ప్రస్తావించారో చెప్పే సూచికలు తయారుచేసేది. విజ్ఞాన శాస్త్రాల సూచిక తర్వాత 1973లో సోషల్ సైన్సెస్ సైటేషన్ ఇండెక్స్ వచ్చింది. అది గ్రంథాలయాలకు, పరిశోధకులకు సాయపడే పరికరంగా పుట్టింది. ఏ రంగంలోనైనా ముఖ్యమైన పని కొద్దిపాటి కీలక జర్నళ్లలోనే కనిపిస్తుందన్న సూత్రంతో వాటిని ఎంచుకున్నారు. అలా ఎంపికైనవాటిలో అత్యధికం ఇంగ్లీషువి, అమెరికా, బ్రిటన్‌ల నుంచి వచ్చేవి. జర్నళ్ల స్థాయిని కొలిచే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్క కూడా ఆ సంస్థదే. గత రెండేళ్ల పత్రాలకు ఈ ఏడాది ఎన్ని ప్రస్తావనలు వచ్చాయన్నదే అందులో కొలత. ప్రయోగశాల పత్రానికి రెండేళ్లు చాలు. ఒక గ్రామంలో భూమి సంబంధాలు ఎలా మారాయో చెప్పే పత్రం పదేళ్ల తర్వాత చర్చలోకి రావచ్చు, దాన్ని ప్రస్తావించేది జర్నల్ కాక ఒక పుస్తకం కావచ్చు. ఆ లెక్క అలాంటి పనిని పట్టుకోలేదు.

సూచిక జాబితా క్రమంగా కొలబద్దగా మారింది. తైవాన్ విద్యాశాఖ 2003లో ఈ సూచికల్లో నమోదైన పత్రాల సంఖ్య ప్రకారం విశ్వవిద్యాలయాలకు వరస ఇచ్చి ప్రకటించింది. సామాజిక శాస్త్రాల ఆచార్యులు అక్కడ ఏళ్ల తరబడి నిరసన తెలిపారు. చైనాలో 1990 ప్రాంతంలో నాన్జింగ్ విశ్వవిద్యాలయంతో మొదలైన, ఈ సూచికల జర్నళ్లలో పత్రం అచ్చయితే రచయితకు నగదు బహుమతి ఇచ్చే పద్ధతి దేశమంతా పాకింది. చివరికి 2020 ఫిబ్రవరిలో ప్రభుత్వమే దాన్ని ఆపమంది. దక్షిణాఫ్రికాలో గుర్తింపు పొందిన జర్నల్‌లో అచ్చయ్యే ప్రతి పత్రానికీ ప్రభుత్వం విశ్వవిద్యాలయానికి నిధులిస్తుంది. అందులో కొంత వాటా రచయితకు ఇచ్చే విశ్వవిద్యాలయాలున్నాయి. భారత్‌లో యూజీసీ 2010లో అధ్యాపకుల పదోన్నతికి పాయింట్ల పద్ధతి తెచ్చింది. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే నకిలీ జర్నళ్లు దాని చుట్టూ పుట్టగొడుగుల్లా మొలిచాయి. వాటిని ఏరివేయడానికి 2018లో ప్రకటించిన కేర్ అనే నమ్మదగిన జర్నళ్ల జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలో పక్కన పెట్టింది. ఈ దేశాల్లో ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు పరిశోధకులకు మేలు చేయాలనే అనుకున్నాయి. కానీ డబ్బు, పదోన్నతి పత్రాల సంఖ్యను వెతుక్కుంటూ వెళ్లాయి. పత్రం రాయడానికి కావలసిన తీరిక, సంపాదకుల చేయి, భాషా సాయం మాత్రం ఎవరి పద్దులోకీ రాలేదు.

ఇక పత్రం లోపల ఏం జరిగిందో చూడాలి. పెద్ద అంతర్జాతీయ జర్నల్‌కు ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లోని పేద దేశం నుంచి పత్రం వెళితే సమీక్షకులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఈ ప్రాంతం గురించి అంతర్జాతీయ పాఠకుడికి ఎందుకు ఆసక్తి ఉండాలి? అమెరికాలో ఒక నగరంలో సర్వే చేసినవారిని ఆ మాట అంతగా అడగరు. పత్రాల శీర్షికల్లోనే ఈ తేడా కనిపిస్తుంది. పేద దేశాల మీద చేసిన సామాజిక శాస్త్ర పరిశోధనల శీర్షికల్లో దేశం పేరు ఎక్కువగా ఉంటుందని, సంపన్న దేశాల మీద చేసినవి పేరు లేకుండానే సార్వత్రిక సత్యాల్లా కనిపిస్తాయని 2022లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ప్రొసీడింగ్స్‌లో వచ్చిన అధ్యయనం చూపింది. ఆ పరీక్ష గట్టెక్కడానికి పరిశోధకుడు తన ప్రశ్ననే మార్చుకుంటాడు. స్థానిక పాలకులకు, కార్మిక సంఘాలకు, ఉపాధ్యాయులకు అవసరమైన ప్రశ్నను వదిలి, బయట నడుస్తున్న సిద్ధాంత చర్చకు తన ఊరి వివరాలను ఉదాహరణగా అందిస్తాడు. ప్రోత్సాహకాల వల్ల జరిగిన నష్టాల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. అంతర్జాతీయ సామాజిక శాస్త్ర మండలి, యునెస్కో కలిసి 2010లో వెలువరించిన ప్రపంచ సామాజిక శాస్త్ర నివేదిక విషయమే ఈ అంతరాలు. దేశాల మధ్య, భాషల మధ్య ఉన్న అగాధాలను అది వివరంగా చర్చించింది.

పరిశోధనను ఎవరైనా ఉచితంగా చదవగలగాలనే ఉచిత ప్రాప్యత (ఓపెన్ యాక్సెస్) ఉద్యమం ఈ చిక్కుముడిని విప్పుతుందని చాలామంది ఆశించారు. 2002 ఫిబ్రవరిలో వెలువడిన బుడాపెస్ట్ ప్రకటన రెండు దారులు చూపింది: రచయిత తన పత్రం ప్రతిని అందరికీ అందే ఆన్‌లైన్ భాండాగారంలో ఉంచడం, మొదటినుంచీ ఉచితంగా చదవగలిగే జర్నళ్లు నడపడం. 2008లో హార్వర్డ్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ ఆచార్యులు మొదటి దారి పట్టారు. తమ పత్రాల ప్రతులను విశ్వవిద్యాలయ భాండాగారంలో ఉంచే హక్కును విశ్వవిద్యాలయానికి ఇస్తూ తీర్మానించారు. ఇది తక్కువ ఖర్చుతో అయ్యే పని, ఏ విశ్వవిద్యాలయమైనా చేయగలిగింది. కానీ డబ్బు ప్రవాహం రచయిత రుసుము వైపు మళ్లింది. ప్రయోగశాల పరిశోధనకు పెద్ద గ్రాంటు ఉంటుంది, అందులో రుసుము కలిసిపోతుంది. సామాజిక శాస్త్రాల్లో చాలా పని గ్రాంటు లేకుండా, జీతం మీద, సెలవుల్లో జరుగుతుంది. అందుకే 2009లో హార్వర్డ్, కార్నెల్, డార్ట్‌మత్, ఎంఐటీ, బర్క్‌లీ కలిసి గ్రాంటు లేని రచయితలకు రుసుము చెల్లించే నిధులు పెడతామని ఒప్పందం చేసుకున్నాయి.

తర్వాత వచ్చినవి మొత్తంగా కుదుర్చుకునే పెద్ద ఒప్పందాలు. చదవడానికి, ప్రచురించడానికి కలిపి ఒకే చెల్లింపు. జర్మనీ సంస్థల కూటమి 2019 జనవరిలో వైలీ అనే ప్రచురణ సంస్థతో అలాంటి ఒప్పందం ప్రకటించింది. అదే ఏడాది మరో పెద్ద ప్రచురణ సంస్థ ఎల్సివియర్‌తో చర్చలు తెంచుకున్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2021లో తనకు కావలసిన షరతులతో మళ్లీ ఒప్పందానికి వచ్చింది. బేరం చేయగల పెద్ద విశ్వవిద్యాలయాలకు ఇవి పనికొచ్చాయి. చిన్నవాటి రచయితలు చందా గోడ దాటి వచ్చి రుసుము గోడ ముందు నిలబడ్డారు. పైగా ఈ ఒప్పందాలు తాత్కాలిక వంతెనలని చెప్పారు. 2018–2022 మధ్య జర్నళ్లు మారిన వేగమే కొనసాగితే ఐదు పెద్ద సంస్థల జర్నళ్లు పూర్తిగా ఉచిత ప్రాప్యతకు మారడానికి కనీసం 70 ఏళ్లు పడుతుందని బ్రిటన్ విశ్వవిద్యాలయాల తరఫున ఇలాంటి ఒప్పందాలు కుదిర్చే జిస్క్ సంస్థ 2024లో అంచనా వేసింది. ఇంత నెమ్మదిగా కదిలేదాన్ని వంతెన అనడం కష్టం.

ఇంతలో లాటిన్ అమెరికా తన దారి తాను వేసుకుంది. అక్కడ జర్నళ్లను విశ్వవిద్యాలయాలే నడిపేవి, వాటిని అమ్ముకోవలసిన అవసరం ఎప్పుడూ పెద్దగా రాలేదు. బ్రెజిల్‌లో 1998లో సైయెలో, మెక్సికో రాష్ట్ర స్వయంప్రతిపత్తి విశ్వవిద్యాలయంలో 2003లో రెడాలిక్ అనే ఆన్‌లైన్ వేదికలు వచ్చి ఆ జర్నళ్లను ఒకచోట చేర్చాయి. రెడాలిక్ మొదలైంది సామాజిక శాస్త్రాల కోసమే. అందులోని జర్నళ్లలో పాఠకుడికీ రుసుము లేదు, రచయితకూ లేదు, స్పానిష్‌లోనో పోర్చుగీస్‌లోనో రాయవచ్చు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మొదలైన ప్రాజెక్టు రూపొందించిన ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనికి ఊతమిచ్చింది. పత్రం స్వీకరించడం, సమీక్షకులకు పంపడం, ప్రచురించడం అన్నీ అందులోనే జరిగిపోతాయి. ఇలా రుసుము లేకుండా నడిచే జర్నళ్లు ప్రపంచంలో 17,000 నుంచి 29,000 వరకు ఉండవచ్చని 2021లో ఒక అధ్యయనం అంచనా వేసింది. వాటిలో దాదాపు 60 శాతం సామాజిక శాస్త్రాలు, మానవీయ శాస్త్రాలవే.

ఆ అధ్యయనమే మరో సంగతి కూడా చెప్పింది. వీటిలో చాలా జర్నళ్లు స్వచ్ఛంద శ్రమ మీద నడుస్తున్నాయి. సంపాదకత్వం చేసే ఆచార్యుడికి బోధన భారం తగ్గదు, భాష సరిచూసేవారికి జీతం ఉండదు. ఒక పత్రానికి మూడు వేల డాలర్లు చెల్లించగలిగే విశ్వవిద్యాలయమే తన ప్రాంగణంలోని జర్నల్‌కు భాష సరిచూసే ఒక కాపీ ఎడిటర్‌ను ఇవ్వలేకపోతోంది.

కొన్నిచోట్ల గాలి మారుతోంది. లండన్‌లోని యూసీఎల్ (యూనివర్సిటీ కాలేజ్ లండన్) 2015లో తన ముద్రణాలయాన్ని పూర్తి ఉచిత ప్రాప్యత పద్ధతిలో మళ్లీ తెరిచింది. 2023లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఫిలాసఫీ సంపాదకుణ్ని వైలీ తొలగించాక సంపాదక వర్గం పెద్దఎత్తున తప్పుకుంది. ఆ బృందం ఓపెన్ లైబ్రరీ ఆఫ్ హ్యుమానిటీస్ అనే ఉచిత ప్రచురణ వేదిక అండతో కొత్త జర్నల్ పెట్టుకుంది. ఆ వేదికకు అండగా ఉన్నది లండన్ విశ్వవిద్యాలయంలోని బర్క్‌బెక్, ఖర్చు భరించేది చాలా గ్రంథాలయాలు కలిసి. నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్ విశ్వవిద్యాలయం నియామకాల్లో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూడబోమని 2021లో ప్రకటించింది. పారిస్‌లోని సోర్బోన్ 2024 నుంచి వెబ్ ఆఫ్ సైన్స్ చందా మానేసింది. గార్ఫీల్డ్ సూచికలు ఇప్పుడు ఉన్నది అందులోనే.