పోపుల డబ్బాలో ఇంగ్లీషు గ్రామరు

చి. అమ్ములుకు తాతయ్య ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోన్లో ఏడుపు గొంతుతో అడిగావు. "తాతయ్యా, సిమిలీకీ మెటఫర్‌కీ తేడా ఇరవైసార్లు చదివాను. పుస్తకం మూయగానే రెండూ కలిసిపోతున్నాయి. పదో తరగతి ఇంగ్లీషు పరీక్ష దగ్గరికొచ్చేసింది, టెన్షన్‌గా ఉంది" అన్నావు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. తమ్ముడికీ చదివి వినిపించు. రెండేళ్లు తిరిగేసరికి వాడికీ ఇదే పాఠం వస్తుంది.

నిర్వచనాలు పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లు. అమ్మ చేసిన పప్పు గిన్నె మూత తీసి చూడు. కరివేపాకు పైనే కనిపిస్తుంది, కావాలంటే ఏరి కంచం అంచున పెట్టొచ్చు. ఉప్పు కూడా అందులోనే ఉంది, కానీ దాన్ని ఏరగలవా? కరిగి పప్పే అయిపోయింది. "మీ నాన్న కోపమొస్తే పులిలా గర్జిస్తాడు" అంటే ఆ "లా" కరివేపాకు. ఇంగ్లీషులో లైక్, యాజ్ అనే మాటలు అలాంటివే. వేలుపెట్టి చూపించగలిగితే అది సిమిలీ. "మీ నాన్న పులి" అన్నామనుకో, అక్కడ ఏరడానికేమీ లేదు. నాన్నా పులీ ఒకటైపోయారు. అదే మెటఫర్. మీ తెలుగు వాచకంలో వీటినే ఉపమ, రూపకం అని చదివావు. రూపకంలో "అభేదం" అంటారే, అది ఉప్పు కరగడమే.

ఒక్క జాగ్రత్త. కరివేపాకు కనిపించిన ప్రతిదీ పప్పు కాదు. "ఐ లైక్ మ్యాంగోస్" అంటే అక్కడ లైక్ అంటే ఇష్టం. "నువ్వు అచ్చం మీ అమ్మలా ఉన్నావు" అన్నా సిమిలీ కాదు, అది ఉన్న మాట. మనిషీ పులీ, ముఖమూ చంద్రుడూ, ఇలా వేరువేరు జాతులవి ఒకచోటికి రావాలి. అప్పుడే అలంకారం.

పోపుల డబ్బా కూడా తెరువు. ఎండుమిర్చి అతిశయోక్తి, ఇంగ్లీషులో హైపర్బొలి. "ఆకాశమంత పందిరి వేసి పెళ్లి చేశారు" అంటాం కదా, ఘాటు కోసం కాస్త ఎక్కువ వేయడం. ఆవాలు ఎలిటరేషన్, ఒకేలాంటి గింజలు ఒకదాని వెనక ఒకటి. "లక్ష భక్ష్యాలు భక్షించేవాడికి ఒక భక్ష్యం లక్ష్యమా" అని నీ చిన్నప్పుడు నాలుక తిప్పించేవాణ్ణి, గుర్తుందా? మన అనుప్రాసలో ఆ హల్లు మాటలో ఎక్కడ వచ్చినా సరే. ఇంగ్లీషువాళ్లు మాత్రం ముఖ్యంగా మాట మొదట్లో వచ్చే చప్పుడు చూస్తారు. ఇక ఇంగువ. దాని వాసన వంటింట్లో బయల్దేరి, వసారాలో కాసేపు కూర్చుని, పక్కింటివాళ్లను పలకరించి వస్తుంది. ఇప్పుడు నేను వాసనకు కాళ్లూ నోరూ ఇచ్చాను చూశావా, అది పర్సానిఫికేషన్.

మా చిన్నప్పుడు ఇవేవీ ఇలా చెప్పలేదమ్మా. ఎనిమిది పార్ట్స్ ఆఫ్ స్పీచ్‌నీ ఎక్కాల్లా గట్టిగా అరిచి అప్పజెప్పేవాళ్లం. వెర్బ్ అంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. వాక్యమిచ్చి ఇందులో వెర్బ్ చూపించరా అంటే మాత్రం తెల్లమొహం వేసేవాణ్ణి. నాకు గ్రామరు నిజంగా తెలిసింది బళ్లో కాదు, మా నాయనమ్మ దగ్గర. ఒక వేసవిలో అటక మీది ఆవకాయ జాడీ తీయబోయి కింద పడేశాను. ఏడాదికి సరిపడా పచ్చడి మట్టిపాలైంది. చప్పుడు విని వచ్చిన నాయనమ్మతో "జాడీ పగిలింది" అన్నాను. ఆవిడ నా కళ్లలోకి చూసి, "పగిలిందా, పగలగొట్టావా?" అంది. అంతే, ఇంకొక్క మాట అనలేదు. ఆ ప్రశ్న నాకిప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

కొన్నేళ్లకు మాస్టారు బోర్డు మీద "ద జార్ వాజ్ బ్రోకెన్" అని రాసి, ఇది ప్యాసివ్ వాయిస్ అన్నారు. నాకు నాయనమ్మ ముఖం కనిపించింది. "పగిలింది" అనేది మన వ్యాకరణంలో కర్మణి వాక్యం కాదు, అకర్మక క్రియ. కానీ రెండూ చేసే పని ఒకటే, చేసినవాణ్ణి చాటున ఉంచుతాయి. అందుకే వాయిస్ మార్చమన్నప్పుడు ముందు ఎవరు చేశారు, దేన్ని చేశారు అని అడుగు. జాడీని ముందుకు తీసుకురా. క్రియను మూడో రూపంలో పెట్టి, దాని ముందు ఈజ్, వాజ్ లాంటి మాట చేర్చు. కాలం మారకూడదు, ఆ కాలాన్ని మోసేది ఆ చిన్న మాటే. చేసినవాడు చివర్లో "బై మీ" అని తలవంచుకుని నిలబడతాడు. ఎవరు చేశారో తెలియకపోతే ఆ తోక అక్కర్లేదు.

ఎ, యాన్ గొడవ ఒక్క నిమిషం పని. మాటను పలికినట్టే తెలుగులో రాసిచూడు. అవర్, ఎమ్మెల్యే, ఎక్స్‌రే అచ్చుతో మొదలయ్యాయి కాబట్టి యాన్. యూనివర్సిటీ, వన్ హల్లుతో మొదలయ్యాయి కాబట్టి ఎ. ఇంగ్లీషు స్పెల్లింగు మోసం చేసినచోట మన అక్షరాలు నిజం చెబుతాయి.

చదివిందే మళ్లీ మళ్లీ చదవకు తల్లీ. పుస్తకం మూసి, మన ఇంట్లో మాటల్లోంచే ఒక్కోదానికి ఒక్కో ఉదాహరణ రాయి. రానిదాని కోసం మాత్రమే పుస్తకం తెరువు. దొంగిలించిన ఉదాహరణ మర్చిపోతావు, నీది మర్చిపోవు.

మెటఫర్ గ్రీకు మాట తెలుసా? ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్లడం అని అర్థం. ఇప్పటికీ గ్రీసు దేశంలో ఇల్లు మారేవాళ్ల సామాన్లు మోసే లారీల మీద ఆ మాటే రాసి ఉంటుంది. నాన్న మీదికి పులిని మోసుకొచ్చింది అలాంటి లారీయే.

ఆనమటోపియా ఒకటి మిగిలింది, చప్పుడులోంచి పుట్టిన మాట. మన కోడి కొక్కొరోకో అంటే ఇంగ్లీషువాళ్ల కోడి కాక్-ఎ-డూడుల్-డూ అంటుంది. కోడి అదే, గొంతూ అదే! దాని గురించి నేను చెప్పడంకంటే నువ్వు వినడం మేలు. ఈ రాత్రి అమ్మ పోపు పెట్టేటప్పుడు పొయ్యి పక్కన కళ్లు మూసుకుని నిలబడు. నూనె కాగేటప్పుడు, ఆవాలు పడ్డప్పుడు, పోపు పప్పులో కలిసేటప్పుడు మూడు వేరువేరు చప్పుళ్లు వస్తాయి. వాటిని తెలుగులో ఒక వరస, ఇంగ్లీషులో ఒక వరస రాసి నాకు పంపు. పుస్తకంలో ఉన్న మాటలు వద్దు, నీ చెవికి వినిపించినవే కావాలి.

ఇట్లు
మీ తాతయ్య