పీటీఎస్‌డీలో సంతోషం ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్న వెనక కథ

పీటీఎస్‌డీ అంటే ఏదో ఘోరం చూసినవాళ్లను, అనుభవించినవాళ్లను తర్వాత కూడా వదలని మానసిక జబ్బు. ఆ మాట అనగానే మనకు గుర్తొచ్చేది టపాకాయ పేలితే ఉలిక్కిపడే మాజీ సైనికుడు, అర్ధరాత్రి పీడకలలు. అది నిజమే గానీ, సగమే. మిగతా సగం బయటికి కనపడదు. ఇంట్లో పెళ్లి కుదిరి, చీరలు, వంటవాళ్లు, శుభలేఖలు అంటూ అందరూ హడావిడి పడుతుంటే ఈ జబ్బున్న మనిషికి మాత్రం ఆ రోజు మీద ఏ ఆశా పుట్టదు. తీరా ముహూర్తం వేళకు వెనక గోడకు ఆనుకున్న కుర్చీ చూసుకుని, గుమ్మం వైపే చూస్తూ కూర్చుంటాడు. ఏదో చెడు జరగబోతోందన్న టెన్షన్ ముందు రోజు నుంచే ఉంటుంది, మంచి కోసం ఎదురుచూడటం మాత్రం అసలు మొదలే కాదు. ఇంట్లోవాళ్లకు ఇది పొగరులా కనిపిస్తుంది, లేదంటే మనసు బండబారిపోయిందంటారు.

ఈ రెండో సగాన్ని డాక్టర్లు కూడా చాలాకాలం పట్టించుకోలేదు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకు వైద్యం చేసిన జేకబ్ డా కోస్టా 1871లో రాసింది గుండెదడ గురించి. 1915లో చార్ల్స్ మైయర్స్ లాన్సెట్ అనే వైద్య పత్రికలో షెల్ షాక్ గురించి, అంటే యుద్ధంలో బాంబుల మధ్య గడిపిన సైనికులకు తగిలే మానసిక దెబ్బ గురించి రాసినప్పుడు కూడా జ్ఞాపకం, చూపు, వాసన, రుచి పోయిన ముగ్గురి సంగతే చెప్పాడు. వణుకు కంటికి కనపడుతుంది, మాట తడబడితే చెవికి వినపడుతుంది, ఒక మనిషికి దేనిమీదా ఆశ లేకపోవడాన్ని ఏ పరికరంతో చూస్తారు? 1941లో అబ్రం కార్డినర్ తన పాత సైనిక రోగుల్లో లోకం మీద ఆసక్తి కుంచించుకుపోవడాన్ని గమనించాడు. 1962లో హిరోషిమా బాధితులతో మాట్లాడిన సైకియాట్రిస్ట్ రాబర్ట్ జే లిఫ్టన్, వాళ్ల మనసు తలుపులు మూసేసుకున్నట్టు మొద్దుబారిందన్నాడు. తర్వాత అదే లిఫ్టన్, హాయిమ్ షాటన్ అనే మరో సైకియాట్రిస్ట్‌తో కలిసి న్యూయార్క్‌లో వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల గుంపుల్లో కూర్చుని వాళ్లు చెప్పేది విన్నాడు. తమ బాధను జబ్బుగా గుర్తించాలని ఆ సైనికులు చేసిన పోరాటం లేకపోతే 1980లో అమెరికా మానసిక వైద్యుల పుస్తకం డీఎస్‌ఎం-3లోకి పీటీఎస్‌డీ వచ్చేదే కాదని నా అభిప్రాయం. ఆ జాబితాలో భయంతో పాటు మొద్దుబారడానికీ చోటు దొరికింది. మన దివిసీమ ఉప్పెన 1977 నవంబర్‌లో వచ్చింది, అంటే అధికారిక లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయిన ఆ రాత్రిని చూసి బతికినవాళ్ల బాధకు అప్పటికి ఈ పేరు కూడా లేదు.

రేపటి మీద ఆశ లేకపోవడమన్న ముక్క మాత్రం సైనికుల కంటే పిల్లల దగ్గర స్పష్టంగా బయటపడింది. 1976 జులైలో కాలిఫోర్నియాలోని చౌచిల్లా అనే చిన్న ఊళ్లో ముగ్గురు దుండగులు బడి బస్సును ఆపి 26 మంది పిల్లల్ని, డ్రైవర్‌ని ఎత్తుకుపోయి, ఒక క్వారీలో పాతిపెట్టిన ట్రక్కు డబ్బాలోకి దించి పైన మట్టి కప్పేశారు. దాదాపు 16 గంటల తర్వాత డ్రైవరూ పెద్ద పిల్లలూ పైకప్పు తెరిచి, మట్టి తవ్వి అందర్నీ బయటపడేశారు. ఒక్కరి ప్రాణమూ పోలేదు. లెనోర్ టెర్ అనే సైకియాట్రిస్ట్ ఆ పిల్లల్ని నాలుగైదేళ్ల దాకా చూస్తూనే ఉంది. పెద్దయ్యాక ఏమవుతావు, పెళ్లి ఎప్పుడు లాంటి మాటలకు చాలామంది దగ్గర జవాబు లేదు, తొందరగా చచ్చిపోతామనో ఇంకో ఘోరం జరుగుతుందనో అనుకునేవాళ్లు. 1987లో డీఎస్‌ఎంను సవరించినప్పుడు భవిష్యత్తు కురచగా అనిపించడం కూడా లక్షణాల్లో చేరింది.

ఇది మనసు బలహీనత కాదు, శరీరం చేసే పని అనడానికి 1990లో సైకియాట్రిస్ట్ రోజర్ పిట్‌మన్ బృందం చేసిన ప్రయోగం ఒకటుంది. వియత్నాంలో పోరాడొచ్చి పీటీఎస్‌డీతో ఉన్న 8 మంది మాజీ అమెరికా సైనికులకు యుద్ధ దృశ్యాలు చూపించాక చర్మానికి వేడి తగిలిస్తే, వాళ్లకు నొప్పి 30 శాతం తక్కువగా తెలిసింది. మార్ఫిన్ లాంటి వాటిని అడ్డుకునే నాలాక్సోన్ ఇచ్చిన రోజు ఆ తగ్గుదల కనిపించలేదు. అంటే భయం గుర్తొచ్చినప్పుడు మెదడు తన మత్తుమందు తనే వదులుతోందన్నమాట. నొప్పిని ఆపే ఆ మత్తు సంతోషాన్ని కూడా ఆపుతుందా అన్నది ఆ ప్రయోగం తేల్చలేదు గానీ, అలా అనుమానించడానికి దారి మాత్రం తెరిచింది. భావాలు పూర్తిగా చచ్చిపోవు, పాత గాయం రేగినప్పుడు మంచివాటికి స్పందించడానికి ఓపిక మిగలదు అని సైకాలజిస్ట్ బ్రెట్ లిట్జ్ 1992 నుంచీ వాదిస్తూ వచ్చాడు. నాకైతే ఈ వాదనే నమ్మదగ్గదిగా కనిపిస్తుంది.

2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 సంతోషం, ప్రేమ లాంటివి కలగకపోవడాన్ని విడి లక్షణంగా రాసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా ఐసీడీ-11 మాత్రం మామూలు పీటీఎస్‌డీకి మూడే గుర్తులు పెట్టుకుని, మొద్దుబారడాన్ని సంక్లిష్ట పీటీఎస్‌డీ అనే, ఇంకొన్ని లక్షణాలు కూడా ఉండే విడి జబ్బు కిందికి నెట్టింది. ఇద్దరూ ఒక మాట మీదికి రాలేదు. ఈ జబ్బుకని అమెరికాలో మొదట అనుమతి పొందిన సెర్ట్రలీన్, పారాక్సెటీన్ మందులతో కొందరికి భావాలు ఇంకాస్త మందగిస్తాయన్న ఫిర్యాదు కూడా ఉంది. అందుకని డాక్టర్ దగ్గర నిద్ర, పీడకలల గురించి చెప్పేటప్పుడు దేనికోసమూ ఎదురుచూడాలనిపించడం లేదన్న సంగతి కూడా చెప్పండి, వాళ్లంతట వాళ్లు అడగకపోవచ్చు.