మరియొక చోట వ్రాయబడియున్నది

పోయిన ఏడాది గుంటూరు కొత్తపేటలో మా బంధువులు మందుల షాపు తెరిచారు. గుమ్మం మీద ఫ్లెక్సీ, ఫ్లెక్సీ మీద యోబు 8:7. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." పాస్టరుగారు ప్రార్థన చేసి రిబ్బను కత్తిరించాక, ఆ వచనం మీదే కట్టిన పాట స్పీకర్లో పెట్టారు. అందరూ గొంతు కలిపారు. నేనూ కలిపాను.

ఆ రాత్రి ఇంటికొచ్చి యోబు ఎనిమిదో అధ్యాయం మొదటినుంచీ చదివాను. ఆ మాట దేవుడన్నది కాదు, యోబు స్నేహితుడు బిల్దదు అన్నది. పదిమంది బిడ్డల్ని ఒక్కరోజే పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న తండ్రితో, యోబుతో, అన్నది. మూడు వచనాల పైన, నాలుగో వచనంలో, అదే మనిషి ఆ తండ్రితో నీ కుమారులు పాపం చేశారేమో, అందుకే దేవుడు వాళ్లను అప్పగించాడేమో అంటాడు. మనం ఫ్లెక్సీ మీద వేసుకున్నది ఆ ఓదార్పులో ఒక ముక్క. పుస్తకం చివర 42:7లో దేవుడు మరో స్నేహితుడైన ఎలీఫజుతో, నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదు, నా కోపము నీమీదను నీ యిద్దరు స్నేహితులమీదను మండుచున్నది అంటాడు. ఆ ఇద్దరిలో ఒకడు బిల్దదు. యోబు చివరికి రెండంతలు పొందిన మాట నిజమే. అది బిల్దదు లెక్క ప్రకారం మాత్రం రాలేదు.

పాటల్లోని మాట వాక్యానికి సరిపోతుందా లేదా అని ఇప్పుడు మన సంఘాల్లో రేగుతున్న చర్చ నాకు అక్కడ మొదలైంది. కొందరికిది కుర్రాళ్లు తెచ్చిపెట్టిన కొత్త గొడవలా కనిపిస్తోంది. నిజానికి సంఘం వయసెంతో ఈ గొడవ వయసూ దాదాపు అంతే.

4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా సంఘ పెద్ద అరియస్, క్రీస్తు కూడా సృష్టింపబడినవాడేనన్న తన బోధను పాటలుగా కట్టి, ఓడ పనివాళ్లకూ తిరగలి విసిరేవాళ్లకూ నేర్పాడని పాత చరిత్రకారులు రాశారు. ప్రసంగం ఆదివారంతో అయిపోతుంది, పాట సోమవారం పనిలోకి కూడా వెంట వస్తుందని అతనికి బాగా తెలుసు. అదే శతాబ్దంలో లవొదికయలో కూడిన సభ, సొంతంగా కట్టిన కీర్తనలు సంఘంలో పాడకూడదని తన 59వ నిబంధనలో రాసింది. భయం అర్థమవుతుంది గానీ ఆ మందు మరీ ఘాటైనది. 16వ శతాబ్దంలో జెనీవాలో సంఘ సంస్కర్త కాల్విన్ వెళ్లిన దారి కూడా దాదాపు అదే: దావీదు కీర్తనలను ఛందస్సులో పెట్టి పాడుకోవాలి. 150 కీర్తనలూ 1562 నాటికి పూర్తయ్యాయి.

జర్మనీ సంస్కర్త లూథర్ దారి వేరు, మన గుంటూరుకు దగ్గరి దారి అదే. 1524లోనే కొత్త పాటలతో పుస్తకాలు వేయించాడు. బోధ జనం నోళ్లలోకి వెళ్లాలంటే పాటే బండి అని నమ్మినవాడు. అలాంటి మనిషి పేరుతోనే 1545లో లైప్జిగ్‌లో అచ్చయిన పాటల పుస్తకం మొదటి పేజీ మీద ఒక హెచ్చరిక ఉంది. దొంగ బోధకులు ఇప్పుడు చాలా పాటలు కడుతున్నారు, జాగ్రత్తగా ఉండి వాటిని సరిగా తీర్పు తీర్చడం నేర్చుకోండి అని దాని సారాంశం. పాడొద్దని చెప్పలేదు, తూచడం నేర్చుకోమన్నాడు. ఆ పని పాడేవాళ్లకే అప్పగించాడు.

ఆ లూథరన్ సంఘం నుంచే జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టాడు. అంతకు ఏడాది ముందే, 1841లో, బందరులో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ ఆంగ్లికన్ పని మొదలుపెట్టారు. బెజవాడ సంఘాలకు వేరు అటునుంచి వచ్చింది. ఆ రోజుల్లో సువార్త విన్నవాళ్లలో చదువు వచ్చినవాళ్లు ఎంతమందని? 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు గడిచిన కాలం. ఎక్కువమంది బడి గుమ్మం తొక్కనివ్వని మాదిగపల్లెల వాళ్లు. వాళ్ల చేతికి బైబిలు ఇచ్చినా చదివేదెవరు? వాళ్లకు పాటే బైబిలు. మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు, అయినా సిలువ మీద ఏడు మాటలూ వరసగా చెప్పేది. గుడ్‌ఫ్రైడే పాటల్లో విని నేర్చుకున్నదే అదంతా. పాటలో తప్పు ఉండి ఉంటే ఆవిడ బైబిల్లోనే తప్పు ఉన్నట్టు. దాన్ని సరిచూసుకోవడానికి ఆవిడ దగ్గర మరో పుస్తకం లేదు.

ఆ తరానికి దొరికిన పెద్ద కవి పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయనా ఆయన తర్వాతివాళ్లూ పరదేశి రాగాల కోసం చూడలేదు; పల్లవి, అనుపల్లవి, చరణాలతో కీర్తనలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఇప్పటికీ పాట నెత్తిన రాగం, తాళం కనిపిస్తాయి. 103వ కీర్తనలాంటివి తెలుగు కీర్తనలై మన నోటికి వచ్చింది ఆ పుస్తకంలోంచే. లూథరన్, సీయస్సై, బాప్టిస్టు, ఏ గుడికి వెళ్లినా అదే పుస్తకం, అవే నంబర్లు.

ఆ కవులకూ ఈ ప్రశ్న ఎదురైంది, వేరే రూపంలో. నాథా, శరణు, మోక్షం, అవతారం. మాటలన్నీ భక్తి సాహిత్యంలోవి. అవతారం అంటే యుగానికొకసారి దిగివచ్చేది కదా, ఒక్కసారే వచ్చిన క్రీస్తుకు ఆ మాట ఎలా నప్పుతుంది అని ఇవాళ కూడా అడిగేవాళ్లున్నారు. తెలుగు బైబిలు యోహాను 1:14లో "శరీరధారియై" అంది. ఆ మాట సరైనదే, నాకూ అదే ఇష్టం. కానీ అవతరించెను అని పాడిన తాతను తప్పుబట్టడానికి నాకు మనసొప్పదు. పాట మొత్తం చదివితే పశువుల తొట్టి నుంచి సిలువ దాకా ఆయన ఎవరి గురించి పాడుతున్నాడో తెలిసిపోతుంది. ఒక్క మాట పట్టుకుని పాటను కొట్టేయడం, ఒక్క వచనం పట్టుకుని పాట కట్టడం, రెండూ ఒకే పొరపాటు.

ఆ కీర్తనల పుస్తకాన్ని నేను ఆకాశానికెత్తడం లేదు. అయితే అందులోకి ఒక పాట చేరాలంటే అచ్చు ఖర్చు ఉండేది, నలుగురు పెద్దలు చదివేవాళ్లు, అనుమానం వస్తే వాక్యం తిరగేసేవాళ్లు. వాకిట్లో ఒక మనిషి కూర్చుని ఉండేవాడు. ఇతర సంఘాలకూ ఎవరి వాకిలి వాళ్లకుంది. 1938లో దేవదాసు అయ్యగారితో మొదలైన బైబిలు మిషనుకు తన పాటలు, బక్త్‌సింగ్ గారి సహవాసాలకు సీయోను గీతాలు. గుణదల మాత కొండకెళ్లే కతోలికులకైతే రెండో వాటికన్ సభ 1963లో రాసే ఇచ్చింది, పాటల మాటలు సభ బోధకు అనుగుణంగా ఉండాలనీ, ముఖ్యంగా లేఖనాల నుంచీ ఆరాధన గ్రంథాల నుంచీ తీసుకోవాలనీ.

క్యాసెట్టు వచ్చాక వాకిట్లో మనిషి లేచిపోయాడు. తప్పు క్యాసెట్టుది కాదు. కోలాటం పాటకూ, వీధి చివర తప్పెట పట్టుకుని సాక్ష్యం చెప్పే అన్నకూ అది కొత్త గొంతునిచ్చింది. మంచి పాటలు ఎన్నో దానివల్లే బతికాయి. కానీ పాట గుడికి రాకముందే ఇంటికి వచ్చేయడం మొదలైంది. ఇప్పుడు ఫోను. శుక్రవారం విడుదలైన పాట ఆదివారానికి కొయిరు నోట్లో ఉంటుంది. కొత్త సంవత్సరానికి వాగ్దాన గీతం తప్పనిసరి. కీబోర్డు వాయించే పిల్లవాడు స్వరాలు చూసుకుంటాడు, సౌండు బాబాయి మైకులు చూసుకుంటాడు, మాట చూసుకునే పని ఎవరి వంతుకూ రాదు.

ఇలా వచ్చే పాటల్లో పచ్చి అబద్ధాలు అరుదు. ఎక్కువగా ఉండేది సగం వచనం. ద్వితీయోపదేశకాండము 28:13 తీసుకోండి. నిన్ను తలగా నియమించును గాని తోకగా నియమింపడు అన్న మాట మీద ఎన్ని పాటలు విన్నానో. "ఆజ్ఞలను విని వాటిని అనుసరించి" నడుచుకుంటే అన్న షరతు అదే వచనంలో ఉంది, అది పాటలోకి రాదు. దీవెనలు 14 వచనాల్లో అయిపోతే, 15 నుంచి 68 దాకా శాపాలే. 44వ వచనంలో తల, తోక తారుమారవుతాయి కూడా. ఆ చరణం పాడేవాళ్లు నాకు ఇంతవరకు కనిపించలేదు.

91వ కీర్తన దగ్గర నొప్పి ఇంకా ఎక్కువ. 2021 వేసవిలో, కరోనా రెండో విడతలో, మా వీధిలో ఏ ఇంట్లో చూసినా ఆ కీర్తన మీద కట్టిన పాటలే. "నీకు అపాయమేమియు రాదు, ఏ తెగులును నీ గుడారమును సమీపించదు." మా సంఘంలో ఒక అక్క ఆ పాట పగలూ రాత్రీ పెట్టుకుంది. ఆమె భర్త పదకొండో రోజున పోయాడు. నెల తర్వాత పరామర్శకు వెళ్తే ఆమె అడిగింది ఒక్కటే. "నేను సరిగా నమ్మలేదా తమ్ముడూ?" నాకు నోరు పెగల్లేదు.

తర్వాత చాలా రోజులకు మత్తయి 4 చదువుతుంటే తట్టింది. ఆ కీర్తనను యేసు ముందు వల్లించింది అపవాది, అంటే సాతానే. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారు, వ్రాయబడి ఉంది కదా అన్నాడు. ఆయన ఆ కీర్తన తప్పనలేదు. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదని మరియొక చోట వ్రాయబడియున్నది" అన్నాడు. పాటను వాక్యంతో తూచడమంటే నాకు తెలిసినంతవరకు ఇదే. ఆ మాట బైబిల్లో ఉందా అన్న దగ్గర ఆగకుండా, మరో చోట ఏముందో కూడా అడగడం. 91 ఉన్న పుస్తకంలోనే 13వ కీర్తన కూడా ఉంది, "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని. కీర్తనల్లో ఇంచుమించు మూడో వంతు ఇలాంటి మొరలే. మన కొత్త పాటల్లో వాటికి చోటు దొరకడం లేదు. ఆ అక్క అడిగిన ప్రశ్నను పాడుకోవడానికి మేము ఆమెకు ఒక్క పాట ఇవ్వలేదు.

కొలస్సయులకు 3:16 ప్రకారం పాటలతో మనం ఒకనికి ఒకడు బోధించుచు, బుద్ధి చెప్పుచు ఉంటాం. అంటే కొయిరు పిల్లలు కూడా బోధకులే. అది వాళ్లకు చెప్పినప్పుడు మొదట బిత్తరపోయారు. ఇప్పుడు మా శనివారం ప్రాక్టీసులో పద్ధతి మారింది. కొత్త పాట వస్తే ముందు అది పుట్టిన అధ్యాయం మొత్తం ఒకరు బయటికి చదవాలి, ఆ మాట ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో చెప్పాలి, తర్వాతే శ్రుతి. మూడు పాటలు పక్కన పెట్టాం. ఒకటి అచ్చంగా బాగుందని తేలి ఇంకా ఇష్టంగా పాడుతున్నాం.

పోయిన నెల ఇంటర్ చదివే అమ్మాయి ఒకతి 13వ కీర్తన మీద పల్లవి రాసుకొచ్చింది. కీర్తన చివర "నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచియున్నాను" అని వస్తుంది కదా అంకుల్, మొదటి చరణం నుంచి అక్కడికి ఎట్లా వెళ్లాలో తెలియట్లేదు అంది. తొందరపడి వెళ్లకమ్మా అన్నాను. రెండో చరణం ఇంకా కుదరలేదు. వచ్చే శనివారం ఆ అక్కను కూడా పిలిచి కూర్చుంటున్నాం.