కడెం కట్ట మీదుగా నీళ్లు పోతే

2022 జులై 13న నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టుకు దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిపడింది. ఉన్న 18 గేట్లలో 17 ఎత్తారు, ఒకటి మొరాయించింది. అసలు అన్నీ ఎత్తినా ఆ ప్రాజెక్టు కిందికి వదలగలిగేది 4 లక్షల లోపే. కింది ఊళ్లను హడావుడిగా ఖాళీ చేయించారు. ఆ రోజు టీవీల ముందు కూర్చున్నవాళ్లకు ఆ టెన్షన్ గుర్తుండే ఉంటుంది. చివరికి ఎడమ కాలువ వైపు గండి పడి కొంత నీరు అటు మళ్లింది, పైన వానలూ తగ్గాయి, ప్రాజెక్టు గట్టెక్కింది. అంతా దేవుడి దయ అన్నారు చాలామంది. లెక్కలు చూస్తే ఆ మాటను కొట్టిపారేయడం కష్టమే.

ఎందుకంటే ఇదే కడెం 1958 ఆగస్టులో ఒకసారి తెగింది. అప్పుడూ వరద 5 లక్షల క్యూసెక్కుల పైమాటే. నీటిమట్టానికీ కట్ట నెత్తికీ మధ్య 2.4 మీటర్ల ఎత్తు వదిలి కట్టినా, నీరు దాన్నీ దాటి మరో 46 సెంటీమీటర్లు పైనుంచి పారింది. అంటే మోకాలి లోతు. ఆ మోకాలి లోతు నీటికే ఎడమవైపు 137 మీటర్ల వెడల్పున గండి పడింది, కుడివైపు ఇంకో రెండు.

ముందు నుంచి తోసే నీటిని మట్టికట్ట దశాబ్దాల తరబడి ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది నెత్తి మీదుగా పారే నీటిని. పైనుంచి దూకిన నీరు వెనకవైపు వాలు మీద వేగం పుంజుకుని, కింద మట్టిని కోస్తుంది. ఆ కోత మెట్లు మెట్లుగా పైకి ఎగబాకుతుంది. నెత్తిని చేరిందంటే ఇక గండి పడ్డట్టే. ఆ తర్వాత దాన్ని వెడల్పు చేసే పని నీరే చూసుకుంటుంది. కాంక్రీటు డ్యామైతే ఇలాంటి పొర్లును కొన్ని గంటలు తట్టుకోగలదు. మట్టికి ఆ వెసులుబాటు లేదు.

"ప్రాజెక్టు ఉంది కదా, వరదను ఆపదా?" అని చాలామంది అడుగుతారు. కడెం విషయంలో చిన్న లెక్క వేద్దాం. నిండితే పట్టేది 7.6 టీఎంసీలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. గేట్లు మూసి ఉంటే, ఖాళీ జలాశయం కూడా 5 లక్షల క్యూసెక్కుల వరదకు నాలుగు గంటల పైచిలుకులో నిండిపోతుంది. వచ్చేదానికీ పోయేదానికీ తేడా 2 లక్షలు ఉంటే గంటన్నర లోపే ఒక టీఎంసీ పెరుగుతుంది. పైగా అడుగున చేరే పూడిక ఏటా కొంత చోటును తినేస్తుంది. ఇంత చిన్న జలాశయం పెద్ద వరదను ఆపలేదు, కాసేపు ఆలస్యం చేయగలదంతే. ఆ కాసేపులోనే ఊళ్లు ఖాళీ చేయించాలి.

మూసీ సంగతి వేరు. 1908 సెప్టెంబరు వరద హైదరాబాద్‌ను ముంచెత్తాక, విశ్వేశ్వరయ్య సూచనలతో కట్టిన గండిపేట (1920), హిమాయత్‌సాగర్ (1927) వరదను పట్టడానికే పుట్టాయి. తాగునీటి చెరువులుగా పేరు పడ్డాక ఆ సంగతి జనం మరిచిపోయారు. సాగు కోసం కట్టినవాటికి మొదటి నుంచీ ఒక పేచీ ఉంది. రైతుకు నిండుకుండ కావాలి, వరదకు ఖాళీ కుండ కావాలి. అందుకే ఏ నెలలో ఎంత మట్టం ఉంచాలో ముందే రాసిపెట్టుకుంటారు. భారీ వరద వస్తోందని తెలియగానే గబగబా ఖాళీ చేద్దామన్నా కుదరదు. నీరు వేగంగా దిగితే, తడిసి బరువెక్కిన లోపలివైపు వాలు ఆసరా కోల్పోయి జారిపోతుంది.

కట్ట ముసలిదైందని ఎలా తెలుస్తుంది? వయసును బట్టి మాత్రం కాదు. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీద కొట్టుకుపోయిన అన్నమయ్య ప్రాజెక్టు కట్టకు పాతికేళ్లు కూడా నిండలేదు. పైన పింఛ కట్ట తెగి ఆ నీరూ తోడైంది, ఉన్న ఐదు గేట్లలో ఒకటి లేవలేదు. పులపత్తూరు, తొగూరుపేట లాంటి ఊళ్లు నీటిపాలయ్యాయి.

పాత కట్ట దగ్గర చూడాల్సింది కింది అంచున వచ్చే ఊట నీటిని. ప్రతి మట్టికట్టా కాస్త ఊరుతుంది, అది మామూలే. గాజు గ్లాసులో పట్టి చూస్తే నీరు తేటగా ఉంటే ఫర్వాలేదు. మబ్బుగా ఉండి అడుగున ఒండ్రు పేరుకుంటే, లోపల ఎక్కడో బుంగ మొదలైందని అర్థం. అమెరికాలో 1976 జూన్ 5న టీటన్ డ్యామ్ దగ్గర పొద్దున బురద ఊట కనిపించింది, మధ్యాహ్నం లోపే డ్యామ్ లేదు. చెట్ల వేళ్లు, ఎలుకల, పీతల బొరియలు ఇలాంటి బుంగలకు దారి వేస్తాయి.

ఇంత చెప్పినా, కడెంలో నాకు భయం వేసేది మట్టి గురించి కాదు, ఇనుము గురించి. 2023 జులైలో మళ్లీ వరద వస్తే 18 గేట్లలో 14 మాత్రమే లేచాయి, నీరు గేట్ల మీదుగా పొర్లింది. వరద మోసుకొచ్చే మాన్లు గేట్లకు అడ్డంపడతాయి, గేట్లను లేపే ఉక్కు తాళ్లు తుప్పుపడతాయి, అవసరమైన రాత్రే కరెంటు పోతుంది. 2021లో వచ్చిన డ్యామ్ భద్రతా చట్టం వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ చేయాలంటోంది. తనిఖీ అంటే రిజిస్టరులో సంతకం కాదు, ప్రతి గేటునూ ఎత్తి దించి చూడటం.

2022లో ఎడమ కాలువ దగ్గర అనుకోకుండా జరిగినదాన్ని కొన్నిచోట్ల ఇంజనీర్లు కావాలనే పెడతారు. ప్రధాన కట్టకు దూరంగా, కాస్త తక్కువ ఎత్తులో, తేలిగ్గా కొట్టుకుపోయే మట్టితో ఒక ముక్క కడతారు. మట్టం హద్దు దాటితే ముందు అది తెగి, అసలు కట్టను కాపాడుతుంది. పాత ప్రాజెక్టుల్లో చిక్కేమిటంటే, ఆ నీరు పోవాల్సిన దారిలో ఇప్పటికే పొలాలు, ఇళ్లు వచ్చేసి ఉంటాయి. అలాంటప్పుడు మిగిలేది అదనపు గేట్లు కట్టడం, లేదా కట్టను ఎత్తు పెంచడం. వాలు మారకూడదు కాబట్టి ఒక్క మీటరు లేపాలన్నా అడుగున నాలుగైదు మీటర్ల వెడల్పు చేర్చాలి, అదీ కట్ట పొడవునా.